చలికాలపు ఇంటిలో గాలి దాహము



సూర్యలంక తీరమున మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున నిలిచి చూచినవారికి, గాలి పొడిబారుట అనునది ఒక సమస్య కాగలదని నమ్ముట కష్టము. సరుగుడు తోపులలో సన్నని ఆకుల కొనలనుండి మంచు బొట్లుబొట్లుగా రాలుచుండును. బాపట్లకు పోవు రోడ్డుమీద సూర్యోదయమైన పిమ్మటకూడ బండ్లు దీపములు వేసికొని నడచుచుండును. ఇండ్లలో వేయించిన అప్పడము డబ్బామూత తీసినంతలోనే మెత్తబడును. జాడీలోని ఉప్పు చెమ్మగిలి చెంచాకు అంటుకొనును. రేపల్లె, తెనాలి ప్రాంతముల మాగాణులలో, కోతకు కొద్దిదినములు ముందుగా వరిచేలో చల్లిన మినుములు మొలకెత్తి, నీరు పెట్టువారు లేకయే, నేలలో మిగిలిన పదునును రాత్రి కురియు మంచును ఆధారముగా చేసికొని కాపునకు వచ్చును. ఇట్టి సీమలో కూర్చుండి పొడిగాలిని గూర్చి ప్రసంగించుట అసందర్భమని కొందరకు తోచవచ్చును.

కాని ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల, బిడ్డలలో ఒకరో ఇద్దరో విదేశములలో స్థిరపడిన ఇండ్లు నేడు ఊరూరను కలవు. కూతురికో కోడలికో పురుడు పోయుటకై తల్లులు, వారికి తోడుగా తండ్రులు, ఆరునెలలు ఉండివచ్చు తలంపుతో షికాగోకో, మినియాపొలిస్‌కో, టొరాంటోకో ప్రయాణము కట్టుదురు. ఆవకాయను, కారప్పొడిని, ఉన్నిచొక్కాలను, పసిబిడ్డ క్రింద పరచుటకు పాతచీరల మెత్తని గుడ్డలను ఎంతో శ్రద్ధగా మూట గట్టుదురు. ఆరునెలలపాటు తాము పీల్చబోవు గాలి ఎట్టిదో మాత్రము వారికి చెప్పువారు లేరు. పోయిన కొద్దిదినములకే పిక్కలమీది చర్మము తెల్లగా పొలుసులు కట్టి దురదపెట్టును, పెదవులు చిట్లును, తెల్లవారి ముక్కు చీదినపుడు చేతిగుడ్డకు నెత్తుటిచారలు అంటును, ఇనుప గడియ ముట్టినంతనే వ్రేలికొసకు చురుక్కుమని విద్యుత్తు తగులును. రాత్రివేళ ఫోను చేసి, "ఇక్కడి చలి నాకు పడలేదే అమ్మా" అని ఇక్కడి కూతురితో చెప్పుకొనువారిని నేను ఎరుగుదును. చలికి భయపడి వేడిని ఇంకొకమెట్టు పెంచుదురు. పెంచినకొలది బాధ అధికమగును. వారి బాధకు కారణము చలి కాదని, ఆ వేడియేయని తెలియజెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

గాలి తనలో ఇముడ్చుకొనగల నీటియావిరికి ఉష్ణమునుబట్టి ఒక హద్దు కలదు. ఘనమీటరు గాలి సున్న డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 5 గ్రాముల ఆవిరిని మాత్రమే మోయగలదు. 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు కొంచెము పైగా మోయును. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు. మోయగలదానిలో వాస్తవముగా ఎంతపాలు మోయుచున్నదో చెప్పు లెక్కనే శాస్త్రజ్ఞులు సాపేక్ష ఆర్ద్రత అందురు. మనము వార్తలలో తేమశాతమని వినునది ఇదియే. బయట నీరు గడ్డకట్టు చలిలో, గాలి తన శక్తికొలది తేమను నింపుకొని నూటికి నూరుపాళ్ళు తడిగానున్నదే అనుకొందము. ఆ గాలి తలుపుసందులనుండి ఇంటిలోనికి చొరబడి, ఇంటిని వెచ్చజేయు కొలిమివలన 20 డిగ్రీలకు వేడెక్కినపుడు, దానిలోని 5 గ్రాములు 5 గ్రాములుగనే ఉండును. దాని మోయుశక్తి మాత్రము 17 గ్రాములకు పెరుగును. అంతటితో నూరుపాళ్ళ తేమ 28 పాళ్ళకు పడిపోయినది. బయట సున్నకు దిగువ 10 డిగ్రీలైనచో ఇంటిలో తేమ 14 పాళ్ళకు దిగజారును. సున్నకు దిగువ 20 డిగ్రీలైనచో 6 పాళ్ళకు మించదు. కిటికీ ఆవల కనుచూపుమేర హిమము పరచుకొని ఉండగా, ఈవల ఎడారిగాలి నిండియుండుట ఇట్లు సంభవించుచున్నది.

నీటిని ఇవ్వక వేడిని మాత్రమే ఇచ్చినందున ఆ గాలికి దాహము పుట్టినది. దాహము పుట్టిన గాలి ఎక్కడ తడి దొరకినను పీల్చును: పెదవినుండి, కంటినుండి, ముక్కులోపలి పొరనుండి, చెక్కబల్లనుండి, పుస్తకపు అట్టనుండి. ఈ దాహమునకు ప్రాణమున్న వస్తువని లేని వస్తువని భేదము లేదు. ఆ దేశములలోని మన ఇండ్లలో వీణ నేర్చుకొను ఆడపిల్లలు చాలమంది కలరు; బొబ్బిలినుండి తెప్పించుకొన్న పనసకర్ర వీణను ఒక చలికాలము వేడిగాలి గొట్టము నోటి ఎదుట ఉంచినచో ఏమగునో వారి తల్లులకు తెలియును. ముందుగా తంత్రులు శ్రుతి తప్పును; అది సరిచేసికొనవచ్చును. ఇరువదినాలుగు మెట్లను పట్టియుంచిన నల్లని మైనము వేడికి ఒకవైపు మెత్తబడి, మెట్టు వెంట్రుకవాసి ప్రక్కకు ఒరుగును. దానిని మరల కూర్చగల నేర్పరి ఆ ఊళ్ళలో దొరకుట దుర్లభము. పిమ్మట ఒకనాటి రాత్రి కుండమీద, కర్రనారవెంట, సన్నని బీట తీయును. ఒకే మానును తొలిచి ఏకాండముగా చేసిన వీణకు అట్టి బీట పడినపుడు కలుగు దుఃఖము ఇంతింత అనరానిది. వీణ ఉన్న గదిలో తేమను 40 పాళ్ళకు తగ్గనీయకుండ చూచుకొన్నవారి వాద్యములకు ఈ ప్రమాదము చాలవరకు తప్పును.

మన తీరమున ఈ బాధ ఏల లేదు? జనవరి రాత్రి ఇక్కడి ఉష్ణము సాధారణముగా 20 డిగ్రీలకు అటునిటుగా ఉండును. తేమ 80 పాళ్ళున్నదనుకొన్నచో ఘనమీటరునకు 14 గ్రాముల నీరున్నట్లు. అదే గాలి మధ్యాహ్నము 28 డిగ్రీలకు వేడెక్కినను తేమ సగమునకు తగ్గదు; అంతలో సముద్రపుగాలి లేచి కొత్త తడిని తెచ్చును. మన వంటింటి ఉప్పుజాడీయే ఇందుకు సాక్షి. శుద్ధమైన ఉప్పు, గాలిలోని తేమ 75 పాళ్ళు దాటినగాని కరగనారంభింపదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియపు లవణములు కలిసియుండుటచేత అది ఇంకను ముందుగానే చెమ్మగిలును. కావున ఉప్పు చెమర్చుచున్న ఇంటిలో, పట్నమునుండి వచ్చిన బంధువు మాట విని తేమనిచ్చు యంత్రమును కొని పెట్టుకొనుట ధనవ్యయము మాత్రమేకాదు, అనారోగ్యహేతువుకూడ. 60 పాళ్ళకు మించి తేమ నిలిచిన గదిలో గోడలకు బూజు పట్టును, పరుపులలో కంటికి కానరాని పురుగులు వృద్ధిపొందును, ఉబ్బసరోగులకు ఆయాసము హెచ్చును. తీరమున మనకు వలసినది తలుపులు తీసి ఎండను లోనికి రానిచ్చుటయే. హైదరాబాదు మొదలైన మెట్టసీమలలో సంగతి వేరు; అక్కడ చలికాలపు మధ్యాహ్నము తేమ 40 పాళ్ళకు లోపుగాకూడ పోవుచుండును. శీతలయంత్రము నడచు గదులలోను అంతే. ఆ యంత్రము గోడవెలుపల కార్చు నీరంతయు మన గదిలోని గాలినుండి పిండిన నీరే.

పొడిగాలిని గూర్చి మనవారికి ఏమియు తెలియదనుకొనరాదు. బాపట్లకు కూతవేటు దూరముననున్న చీరాలలో నేతగాండ్రు తరతరములుగా దీనితో కాపురము చేసినవారు. గుంటమగ్గముముందు నేతగాడు నేలమట్టమున కూర్చుండి, కాళ్ళు గుంటలోనికి దించి తొక్కుడుకర్రలను ఆడించును; పడుగు నేలకు జానెడో మూరెడో ఎత్తున సాగి ఉండును. త్రవ్విన మంటినుండి నిరంతరము వెలువడు చెమ్మ ఆ పడుగును ముట్టుచుండును. నూలుపోగునకు తడి తగిలినపుడు బలము హెచ్చును; గంజిపట్టిన పోగు ఎండిపోయినచో పెళుసై తెగును; తెగిన ప్రతి పోగును వ్రేళ్ళతో వెదకి, ముడివేసి, పన్నెలో దూర్చి, మరల సాగించునప్పటికి కాలహరణము, కంటికి శ్రమ. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులవారు ఇదే ప్రయోజనమునకై నేతశాలలలోనికి ఆవిరిని గుప్పించుచుండిరి. పోగులకు హితమైనది మనుష్యులకు అహితమై, కార్మికులు రోగముల పాలగుచుండగా, 1889లో అక్కడి ప్రభుత్వము చట్టము చేసి ఆ ఆవిరికి హద్దు విధించినది. గాలికి ఎంత నీరు చాలును, ఎంత మించరాదు అను ప్రశ్న ఇండ్లకంటె ముందుగా కర్మాగారములలోనే పుట్టినదని చెప్పవచ్చును. 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున ఒక ముద్రణాలయములో, తేమ మారినపుడెల్ల కాగితము సాగుచు ముడుచుకొనుచు రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండుటచేత, విల్లిస్ కారియర్ అను యువకుడు గాలిలోని తేమను అదుపుచేయు ఏర్పాటును కల్పించెను. నేడు మనము చల్లదనమునకే వాడుకొను శీతలయంత్రమునకు మూలమైన ఆ ఏర్పాటు, కాగితమును రక్షించుటకై పుట్టినది.

ఇక శరీరముమాట. ముక్కు లోపలి పొరమీద పలుచని జిగురు ఒకటి ఎల్లప్పుడు వ్యాపించియుండును. దానిక్రింద సూక్ష్మమైన కేశములు క్షణక్షణము కదలుచు, గాలితో వచ్చిన దుమ్మును క్రిములను ఆ జిగురులో చిక్కించి వెలికి త్రోయుచుండును. జిగురు ఎండినచో ఆ కేశముల కదలిక మందగించును, వాకిటి కావలి సడలును. పొర చిట్లి రక్తము కనిపించుట అందలి బాహ్యచిహ్నము మాత్రమే. ఇదిగాక, ఇన్‌ఫ్లూయెంజా క్రిమి తేమగాలిలోకంటె పొడిగాలిలో చాలసేపు బ్రతుకునని 1961లో హార్పరు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకముగా చూపెను. ఒకవైపు శత్రువునకు ఆయువు, వేరొకవైపు మనకు కావలి లేమి. చలికాలమున మూసిన ఇండ్లలో జలుబులు చుట్టుకొనుటకు గల కారణములలో ఇది ఒకటి. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున ఋతుచర్యను వివరించుచు, శిశిరమున శీతముతోపాటు రూక్షత్వమునుకూడ పేర్కొని, ఆ ఋతువునకు ముందుదైన హేమంతపు విధులనే ఇంకను శ్రద్ధగా ఆచరింపుమనెను. ఆ విధులలో తైలాభ్యంగనము ఒకటి. చలిని, పొడిదనమును రెండుగా విడదీసి చూచిన ఆ వైద్యుని పరిశీలనకు నమస్కరింపవలసియున్నది.

ఉపాయములలో మొదటిది ఖర్చులేనిది, అందువలననే ఎవరును తలపెట్టనిది: వేడిని తగ్గించుట. గాలిలో 5 గ్రాముల నీరే ఉన్నపుడు 20 డిగ్రీల గదిలో తేమ 28 పాళ్ళుండగా, 24 డిగ్రీల గదిలో 23 పాళ్ళే ఉండును. ఒక ఉన్నిచొక్కా ఎక్కువ తొడుగుకొని, కాళ్ళకు మేజోళ్ళు వేసికొని, రాత్రి వేడిని 20 డిగ్రీలవద్ద ఆపుట మేలు. బాలింతను పసిబిడ్డను చలిగాలి సోకని మూలకు మార్చవలెను గాని ఇల్లంతటిని కాల్చరాదు.

రెండవది కొలుచుట. జెనీవా నగరపు సొస్యూర్ పండితుడు 1783లో, జిడ్డు పోగొట్టిన మనుష్యకేశము తడికి సాగుననియు పొడికి కురచబడుననియు గ్రహించి, దానితో తేమను కొలుచు సాధనమును నిర్మించెను. నేడు అరచేతిలో ఇముడు ఆర్ద్రతామాపకములు స్వల్పమూల్యమునకే దొరకుచున్నవి. పెదవి చిట్లినదని తోచినంతనే నీటిని గుప్పించుటకు ముందు, అంకె ఎంతయున్నదో చూడవలెను. 30కి 50కి నడుమనున్నచో ఆ ఇంటి గాలిలో లోపము లేదు. దురదకు వేరు కారణమును వైద్యునివద్ద వెదకవలెను.

అంకె 30కి దిగువనున్నపుడు ఎంత నీరు వలయునో ఒక లెక్క చెప్పెదను. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల పడకగదిలో 36 ఘనమీటర్ల గాలి ఉండును. 5 గ్రాములను 8 గ్రాములకు పెంచవలెనన్నచో 108 గ్రాముల నీరు చాలును. కాని సందులగుండ ఆ గాలి రెండేసి గంటలకొకమారు మారిపోవునదైనచో, ఎనిమిదిగంటల రాత్రికి ఇంచుమించు అరలీటరు నీరు ఆవిరి కావలెను. మంచముప్రక్క గిన్నెతో నీళ్ళు పెట్టి నిశ్చింతగా పడుకొనువారు ఈ లెక్కను గమనింపవలెను. ఆవిరి నీటి లోతునుబట్టి కాక ఉపరితలపు వైశాల్యమునుబట్టి లేచును గనుక, ఆ గిన్నెలో తెల్లవారుసరికి చేరెడు నీరు మాత్రమే తగ్గును. దానికి బదులు ఒక నూలుచీరను తడిపి గట్టిగా పిండి గదిలో దండెముమీద వెడల్పుగా ఆరవేసినచో, అది తన బరువుకు దరిదాపుగా నీటిని మోయుచున్నది గనుక, ఆ అరలీటరును తెల్లవారులోపల గాలికి అర్పించును. ఆ దేశములలో బట్టలను వేడియంత్రములో ఆరబెట్టి, ఆ తడిని గొట్టముగుండ బయటికి త్రోలివేయుదురు; చలి నాలుగునెలలు చీరలు, తువ్వాళ్ళు, పంచెలు లోపలనే దండెములమీద ఆరవేయుటకు అభ్యంతరముండరాదు. స్నానమైన పిదప స్నానపుగది తలుపు తెరచియుంచుట, మధ్యాహ్నము పప్పును మూత తీసి ఉడికించుట, ఇవియు ఇట్టివే. మరగు నీటి పాత్రను మాత్రము పిల్లలు తిరుగు గదిలోనికి తీసికొనిరాకూడదు. దానివలన కలుగు మేలుకంటె కాలిన గాయముల భయము పెద్దది.

యంత్రమును కొన్నవారికి రెండు మాటలు. నీటిని కంపింపజేసి మంచుగా విసరు యంత్రము, నీటిలో కరగిన లవణములనుకూడ విసరును. ఆ లవణములు తెల్లని పొడియై బల్లలమీద, కడకు ఊపిరితిత్తులలోను చేరును. కాచిన నీరు ఇందుకు పనికిరాదు, కాచుటవలన లవణములు తొలగవు. బట్టిపట్టిన నీరు కావలెను. మన తీరగ్రామముల బావులలో ఊరు ఉప్పునీటినైతే అట్టి యంత్రమునకు చూపనే కూడదు. తొట్టిలో నీరు దినదినము పారబోసి, తుడిచి, ఆరబెట్టవలెను. నిలువ నీటిలో పుట్టిన క్రిములను గదినిండ వెదజల్లుటకంటె పొడిగాలియే నయము. కిటికీ అద్దముమీద లోపలివైపు నీటిబొట్లు నిలిచి చట్రమునకు కారుచున్నచో తేమ మితిమీరినదని గ్రహించి యంత్రమును ఆపవలెను. లేకున్న ఆ చట్రపు మూలలలో నల్లని బూజు బయలుదేరును.

చర్మమునకు మన నువ్వులనూనెయు కొబ్బరినూనెయు చాలును. మిక్కిలి వేడినీరు చర్మపు సహజమైన జిడ్డును కడిగివేయును గనుక, గోరువెచ్చని నీటితో త్వరగా స్నానము ముగించి, ఒడలు పూర్తిగా ఆరకమునుపే పలుచగా నూనె పూయవలెను. భోగినాటి తలంటుకే పరిమితముకాక ఇది దినచర్య కావలెను. పెద్దవారికి దప్పిక తెలియుట మందగించును. దాహమువేయలేదని నీరు మానరాదు. పసిబిడ్డల విషయములో ఒక పాత అలవాటును విడువవలసియున్నది: ముక్కు ఎండినదని నూనెచుక్క వేయకూడదు. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారి ప్రమాదకరమైన వాపు కలిగించును. వైద్యుడు చెప్పిన ఉప్పునీటి చుక్కలే వాడవలెను.

ఇంకొక అలవాటు కలదు. బాలింత గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేయుట మనకు పరిపాటి. పెంకుటింటిలో, ఓరగా వేసిన తలుపుల నడుమ, వేయి సందులనుండి గాలి ఆడుచున్నపుడు అది చెల్లినది. సందులన్నియు మూసి చలిని వెలివేసిన ఇంటిలో నిప్పుకణికలనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు; నిద్రలోనే తల్లిని బిడ్డను హరింపగలదు. కావున అక్కడ కుంపటిని తలపెట్టనే కూడదు; ఆ వాయువును పసిగట్టి మ్రోగు గంట ఆ ఇండ్లలో గోడకు అమర్చియుండును, అది పనిచేయుచున్నదో లేదో పోయిన మొదటినాడే కొడుకుచేతనో అల్లునిచేతనో నొక్కించి స్వయముగా వినవలెను.